స్టార్టరు పెట్టెలోని చిన్న ట్రాన్స్‌ఫార్మరును మార్చుట

ట్రాన్స్‌ఫార్మరు అనగానే వ్యవసాయదారుల మనస్సునకు తట్టునది పొలము గట్టున దిమ్మెమీద నిలచిన పెద్ద ట్రాన్స్‌ఫార్మరు. ఈ వ్యాసమునకు దానితో పనిలేదు. దానిని ముట్టుకొను అధికారము విద్యుత్ సంస్థవారికి తప్ప మరెవ్వరికిని లేదు. ఫ్యూజు పోయినదని తామే ఆ దిమ్మె ఎక్కి ప్రాణములు పోగొట్టుకొన్న రైతులు ఎందరో కలరు. ఇక్కడ చెప్పబోవునది మోటారు స్టార్టరు పెట్టె లోపల, ఒక మూలగా బిగించియుండు గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మరును గురించి. దీనిని కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మరు అందురు.

అందరి పెట్టెలలోను ఇది యుండదు. మామూలు 5 హార్స్‌పవరు మోటారు స్టార్టరులో కాయిలును రెండు ఫేజుల మధ్య 415 వోల్టులకు తిన్నగా కలిపియుందురు. అట్టి పెట్టె తెరచి ఇది కనబడలేదని కంగారుపడ నక్కరలేదు. పెద్ద సబ్‌మెర్సిబుల్ పంపుల ఆటోమేటిక్ స్టార్ డెల్టా పెట్టెలందును, బోరులో నీరు తగ్గినపుడు మోటారును ఆపు పరికరము గల పెట్టెలందును, ఎత్తిపోతల పథకముల పానెళ్ళలోను, రైసు మిల్లు, జిన్నింగు మిల్లు మోటారుల పానెళ్ళలోను ఇది తరచుగా ఉండును.

దీని పని చిన్నదే. 415 వోల్టులను 230 లేక 110 లేక 24 వోల్టులకు తగ్గించి, బటనులకు, ఫ్లోటు స్విచ్‌కు, కాంటాక్టరు కాయిలుకు అందించును. రైతు చేయి తగులునది, తడిలో పరచిన సన్నతీగలు పోవునది ఈ వైపుననే గనుక అక్కడ వోల్టేజి తక్కువగా నుండుట మేలు. ఇది కాలిపోయినచో బటను నొక్కినను కాంటాక్టరు లాగదు. బోరు బాగున్నది, మోటారు బాగున్నది, లైనులో కరెంటున్నది, నీరు మాత్రము రాదు. వరి పొట్టమీదనున్న సమయమున ఇట్లు నాలుగు రోజులు గడచినచో నష్టమెంతో చెప్ప నవసరము లేదు. ఆ తొందరలో జరుగు పొరపాటు ఒకటి కలదు. పాతది కాలినది, కొత్తది తెచ్చి బిగించితిమి, సాయంత్రమునకు అదియు కాలినది. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మరు తనంతట తాను కాలుట అరుదు. దానిని కాల్చినదొకటి అదే పెట్టెలో దాగియుండును. దానిని పట్టుకొనక కొత్తది తెచ్చుట డబ్బు తగులబెట్టుటయే.

నిజముగా కాలినదా?

ముందుగా ఇది తేల్చుకొనవలెను. పెట్టె మూత తీసినపుడు వార్నీషు మాడిన వాసన, నల్లబడిన చుట్టు, కారిన లక్క కనబడినచో సందేహము లేదు. ఇవి లేనపుడు మొదట చూడవలసినది ట్రాన్స్‌ఫార్మరును కాదు, దాని ప్రక్కనున్న చిన్న గాజు ఫ్యూజులను. పది పన్నెండు రూపాయల ఫ్యూజు పోయినంతమాత్రమున ట్రాన్స్‌ఫార్మరును విప్పి పట్నమునకు మోసికొనిపోయినవారున్నారు.

ఫ్యూజులు బాగున్నచో, కరెంటు తీసివేసి, ట్రాన్స్‌ఫార్మరు తీగలను విప్పి మల్టీమీటరుతో ఓములు చూడవలెను. 415 వోల్టుల వైపు చుట్టు సన్నతీగతో అనేక చుట్లు చుట్టబడినది గనుక, 100 వీఏ ట్రాన్స్‌ఫార్మరులో అది సాధారణముగా పదుల ఓములలో చూపును. 110 వోల్టుల వైపు కొద్ది ఓములు మాత్రమే చూపును. ఏ వైపుననైనను మీటరు కదలనిచో ఆ చుట్టు తెగినట్లే. రెండు చుట్ల మధ్యగాని, చుట్టునకు ఇనుప రేకులకు మధ్యగాని ఓములు చూపరాదు. చూపినచో ఇన్సులేషన్ చెడినది. ఎలక్ట్రీషియన్ వద్ద 500 వోల్టుల మెగ్గరున్నచో ఈ పరీక్ష దానితో చేయుట మేలు. ఒక మెగోముకు తగ్గరాదు.

ఒక దోషమును మాత్రము మీటరు చూపజాలదు. చుట్టు లోపల నాలుగైదు చుట్లు ఒకదానితో నొకటి అంటుకొని షార్టయినచో ఓములలో తేడా కంటికి ఆనదు. అట్టిదానిని పట్టుటకు, సెకండరీ తీగలు విప్పి, ఏ బరువూ లేకుండ కరెంటిచ్చి పది నిమిషములు ఉంచవలెను. బరువు లేకుండనే గుర్రుమని మ్రోగుచు, చేయి పెట్టలేనంతగా వేడెక్కినచో అది పనికిరాదు. చేయి పెట్టి చూచుట కరెంటు తీసిన తరువాతనే.

కాల్చినదేది?

కాంటాక్టరు కాయిలు స్వభావమును తెలిసికొన్నచో సగము జవాబు దొరకును. బటను నొక్కిన క్షణమున కాంటాక్టరు నాలుక దూరముగా నుండును. ఇనుప ముఖముల మధ్య ఖాళీ యున్నంతసేపు కాయిలు చాలా కరెంటు తీసికొనును. నాలుక వచ్చి అంటుకొనగానే ఆ కరెంటు ఎనిమిదవ వంతుకో, పదవ వంతుకో పడిపోవును. ఒక పెద్ద కాంటాక్టరు లాగుకొనునపుడు 200 వీఏ తీసికొన్నచో, అంటుకొన్న తరువాత 20 వీఏతోనే నిలిచియుండును. ట్రాన్స్‌ఫార్మరు ఆ మొదటి క్షణపు బరువును భరించును, గంటలకొలది భరింపజాలదు.

ఇప్పుడు ఆ రెండు ఇనుప ముఖముల మధ్య ఒక బల్లిపిల్ల చిక్కుకొన్నదనుకొనుడు. నాలుక పూర్తిగా అంటదు. కాయిలు ఆ 200 వీఏ లాగుచునే యుండును. ముందు కాయిలు మాడును, లేక ట్రాన్స్‌ఫార్మరు మాడును, ఒక్కొక్కప్పుడు రెండును మాడును. మన పొలములలోని పెట్టెలలో ఇదియే ప్రధాన కారణమని చెప్పవచ్చును. బల్లులు, చీమలు, కందిరీగల గూళ్ళు, దుమ్ము, త్రుప్పు, ఎవరో మంచి ఉద్దేశ్యముతో పూసిన గ్రీజు, ఇవన్నియు ఈ పనియే చేయును. కాంటాక్టరు ముఖములకు నూనె పూయరాదు, ఆకురాయితో రుద్దరాదు, పొడిగుడ్డతో తుడువవలెను. వ్రేలితో నొక్కినపుడు నాలుక ఎక్కడను పట్టివేయక లోపలికి పోయి, వదలగానే తిరిగి రావలెను. అట్లు రానిచో కొత్త ట్రాన్స్‌ఫార్మరు బిగింపకముందే కాంటాక్టరును మార్చవలెను.

రెండవ కారణము తక్కువ వోల్టేజి. కాంటాక్టరు తన కాయిలుపై వ్రాసిన వోల్టేజిలో నూటికి 85 వంతులు అందినచో లాగవలెనని ప్రమాణము. 415కు 110 వోల్టులిచ్చు ట్రాన్స్‌ఫార్మరును తీసికొందము. యాసంగిలో అందరి మోటార్లును ఒకేసారి తిరుగుటచే లైను 350 వోల్టులకు పడినచో, సెకండరీలో సుమారు 93 వోల్టులే వచ్చును. ఇది 85 వంతులకు కొంచెము తక్కువ. కాంటాక్టరు లాగీలాగక టకటక కొట్టుకొనును. కొట్టుకొన్న ప్రతిసారియు ఆ మొదటి క్షణపు బరువే పడును. ఈ శబ్దము విన్న వెంటనే మోటారు ఆపవలెను. వింటూ ఊరకుండుట, కాసేపటికి సర్దుకొనునని ఎదురుచూచుట వలన కాలిన పెట్టెలు పెక్కు.

మూడవది, బయటికి పోవు కంట్రోల్ తీగలు. సంపులోని ఫ్లోటు స్విచ్‌కు పోవు తీగను ఎలుక కొరికినను, పారదెబ్బ తగిలినను, నీరు దిగినను షార్టగును. ఆ తీగలను రెండు కొసలయందును విప్పి మెగ్గరుతో చూడవలెను. నాలుగవది, తరువాత తగిలించిన అదనపు బరువులు: పెట్టెమీద పెద్ద సూచిక దీపము, మొబైలుతో మోటారు నడుపు పరికరము, కొట్టములో వెలుతురుకై ఒక బల్బు కూడ. ఈ ట్రాన్స్‌ఫార్మరు కొట్టమునకు దీపము పెట్టుటకై చేసినది కాదు.

కొత్తది ఎన్నుకొనుట

పాతదానిని వెంట తీసికొని అంగడికి పోవుట మంచిదే కాని, చూడవలసినది దాని ఆకారమును కాదు, నేము ప్లేటును. ప్రైమరీ వోల్టేజి, సెకండరీ వోల్టేజి, వీఏ, సైకిళ్ళు, ఈ నాలుగును సరిపోవలెను. సెకండరీ వోల్టేజి కాంటాక్టరు కాయిలుమీద వ్రాసిన దానితో కలియవలెను. ఇంతకుముందెవరో కాయిలు మార్చియుండవచ్చును గనుక కాయిలును కంటితో చూచి వ్రాసికొనవలెను.

ప్రైమరీ 240 వోల్టులది పొరపాటున తెచ్చి రెండు ఫేజుల మధ్య కలిపినచో నిమిషములలో పొగవచ్చును. పాత సామాను అంగళ్ళలో, విదేశములనుండి వచ్చిన యంత్రముల నుండి విప్పిన 60 సైకిళ్ళ ట్రాన్స్‌ఫార్మరులు చౌకగా దొరకును. మన కరెంటు 50 సైకిళ్ళది. అదే వోల్టేజి మీద 50 సైకిళ్ళకు వాడినచో వాటి ఇనుములో అయస్కాంత బలము అయిదవ వంతు పెరిగి, బరువు లేకుండనే వేడెక్కును. చౌక అని కొనరాదు. అట్లే రెండు చుట్లు వేరువేరుగా నున్నవో లేదో మీటరుతో అంగడిలోనే చూచుకొనవలెను. ఒకే చుట్టునుండి మధ్యలో కొస తీసిన ఆటో ట్రాన్స్‌ఫార్మరును కొందరు ఇదేనని అమ్ముదురు. దానిలో 415 వోల్టుల లైను మన బటను వరకు తిన్నగా వచ్చును. చేయి కాపాడునని పెట్టుకొన్న పరికరమే చేయి కాల్చును.

వీఏ విషయములో పాతదెంత యున్నదో అంతయో, ఒక మెట్టు ఎక్కువయో తీసికొనవచ్చును. తగ్గించరాదు. పాతది ఏదో తెలియనపుడు లెక్క ఇట్లు వేయవలెను. ఒకేసారి అంటుకొనియుండు కాంటాక్టరులు, టైమరు, దీపములు నిలకడగా తీసికొను వీఏలను కూడవలెను. దానికి, అన్నింటికంటె పెద్ద కాంటాక్టరు లాగుకొనునపుడు తీసికొను వీఏను కలుపవలెను. ఇవి కాంటాక్టరు తయారీదారుని పట్టికలో ఉండును. ఆ క్షణపు మొత్తమును వోల్టేజి పడిపోకుండ ఈయగల ట్రాన్స్‌ఫార్మరేదో దాని తయారీదారుని పట్టికలో చూచుకొనవలెను. క్షణకాలము మాత్రము ట్రాన్స్‌ఫార్మరు తన వీఏకు కొన్నిరెట్లు ఈయగలదు గనుక, మొత్తము 250 వచ్చినంతమాత్రమున 250 వీఏది కొన నక్కరలేదు. కాలిన చుట్టును తిరిగి చుట్టించుకొనుట పెద్ద మోటారుకు లాభమే గాని ఇంత చిన్నదానికి కాదని మా అభిప్రాయము.

చేయి పెట్టుటకు ముందు

ఈ పని లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేతనే చేయింపవలెను. అయినను రైతు ప్రక్కన నుండి కొన్ని సంగతులు తానే చూచుకొనవలెను. పోవు ప్రాణము తనదైనను పనివానిదైనను ఒకటే.

కరెంటు లేని వేళ గదాయని పెట్టె తెరచుట మిక్కిలి ప్రమాదము. వంతుల ప్రకారము వచ్చు కరెంటు చెప్పి రాదు. ఆటో స్టార్టరున్న పెట్టెలో కరెంటు రాగానే కాంటాక్టరు తనంతట తాను లాగి మోటారు తిరుగును. తెలంగాణలో 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభమైనప్పుడు ఆటో స్టార్టరులను తీసివేయుడని రైతులను కోరియుండిరి. అప్పుడు చెప్పిన ముఖ్య కారణము నీటి వృథా. మరమ్మతు చేయువాని ప్రాణము దృష్ట్యా చూచినను ఆ సలహా సరియైనదే.

మెయిన్ స్విచ్ ఆపి, మూడు ఫ్యూజులను ఊడదీసి జేబులో వేసికొనవలెను. స్విచ్ ఆపినను దాని పై టెర్మినళ్ళలో కరెంటుండునని మరువరాదు. నీటిమట్టము చూచు పరికరమునకు ఇంటి లైనునుండి వేరుగా కరెంటు తెచ్చుకొన్నవారు దానిని కూడ తీయవలెను. పెట్టెలో కెపాసిటరున్నచో అయిదు నిమిషములు ఆగవలెను. పిమ్మట మీటరుతో కరెంటు లేదని చూడవలెను: ముందు కరెంటున్న చోట మీటరు పనిచేయుచున్నదని చూచి, తరువాత పెట్టెలో చూచి, మరల కరెంటున్న చోట చూడవలెను. చెడిన మీటరు కూడ సున్నయే చూపును గదా. నియాను దీపపు టెస్టరును మాత్రమే నమ్మి చేయి పెట్టరాదు.

బిగించుట

తీగలు విప్పకముందు ఏది ఎక్కడ నున్నదో కాగితముమీద వ్రాసికొని, తీగలకు నంబరు చీటీలు కట్టవలెను. చేతిలో మొబైలున్నచో ఒక ఫోటో తీయుట ఇంకను సులభము.

ప్రైమరీ వైపున 380, 415, 440 అని మూడు కొసలుండుట కద్దు. లైను తక్కువగా వచ్చుచున్నదని 380 కొసకు కలుపు అలవాటు మన ప్రాంతములలో కలదు. పగలు అది పనిచేయును. రాత్రి మోటార్లన్నియు ఆగి లైను 440కి లేచినపుడు 110కి బదులు 127 వోల్టులు కాయిలుకు పోవును. కాయిలు భరించునది నూటికి 110 వంతులు, అనగా 121 వోల్టులే. కావున పగలు, రాత్రి రెండు వేళలను కొలిచి, మెజారిటీ కాలమునకు సరిపోవు కొసను ఎన్నుకొనవలెను. చాలమంది రైతులకు 415 కొసయే సరియైనది. లైను ఎల్లప్పుడును 350కి దిగువనే యున్నచో లోపము పెట్టెలో లేదు, లైనులో నున్నది. విద్యుత్ సంస్థవారికి వ్రాసి ఈయవలెను.

సెకండరీ ఫ్యూజు లెక్క తేలిక. 100 వీఏను 110 వోల్టులతో భాగించినచో 0.9 ఆంపియరు, ఒక ఆంపియరు ఫ్యూజు సరిపోవును. ప్రైమరీలో నడచునది పావు ఆంపియరు మాత్రమే అయినను, స్విచ్ వేసిన క్షణమున ఇనుము అయస్కాంతమగుటకు ఒక పెద్ద పోటు వచ్చును గనుక, అక్కడ తయారీదారుడు చెప్పిన నిదాన రకపు ఫ్యూజునే వేయవలెను. రాగితీగ పోగు వేసి పని గడుపుకొన్నచో తరువాత కాలునది పెట్టె అంతయు.

అన్నిటికంటె ఎక్కువగా మరచిపోవునది ఎర్తు తీగ. సెకండరీ ఒక కొసను ఎర్తు చేసిన పెట్టెలలో, కాయిలు ఒక కొస ఆ ఎర్తు చేసిన వైపునకు తిన్నగా పోవలెను. ఫ్యూజు, స్టాపు బటను, ఫ్లోటు స్విచ్, స్టార్టు బటను ఇవన్నియు రెండవ వైపున ఉండవలెను. అట్లున్నచో, సంపులోని తీగ తడిసి భూమిని అంటినపుడు ఫ్యూజు పోయి మోటారు ఆగును. తీగలు తారుమారు చేసి బటనులను ఎర్తు వైపున పెట్టినచో, అదే తీగ భూమిని అంటినపుడు కాయిలుకు భూమి ద్వారా దారి దొరకును. మోటారు ఎవరును నొక్కకయే తిరుగును. స్టాపు నొక్కినను ఆగదు. బావిలో దిగి ఫుట్‌వాల్వు చూచుచున్న మనిషికి, బెల్టు సరిచేయుచున్న మిల్లు పనివానికి ఇది మృత్యువే. కొత్త ట్రాన్స్‌ఫార్మరులో కొసల వరుస పాతదానివలె నుండకపోవచ్చును గనుక ఈ ఒక్క విషయమును రెండుసార్లు చూచుకొనవలెను. ట్రాన్స్‌ఫార్మరు ఇనుప రేకులకు, పెట్టె తలుపునకు కూడ ఎర్తు తీగ బిగువుగా నుండవలెను.

కరెంటిచ్చి చూచుట

మొదట సెకండరీ ఫ్యూజు తీసియుంచి కరెంటీయవలెను. ప్రైమరీలో ఎంత, సెకండరీలో ఎంత వచ్చుచున్నదో కొలువవలెను. బరువు లేనపుడు సెకండరీ వ్రాసినదానికంటె కొన్ని వోల్టులు ఎక్కువ చూపుట సహజము. తరువాత కరెంటు తీసి, ఫ్యూజు వేసి, మోటారునకు పోవు తీగలు విప్పియుంచి, కాంటాక్టరును మాత్రము నాలుగైదుసార్లు నడపవలెను. లాగు క్షణమున మీటరు కొంత క్రిందికి పోయి వెంటనే లేచును. నూటికి 85 వంతులకు దిగువగా పోయినచో ట్రాన్స్‌ఫార్మరు చాలదు, లేక కాంటాక్టరు పట్టివేయుచున్నది.

సింగిల్ ఫేజింగు ప్రివెంటరును ఈ సందర్భముననే పరీక్షింపవలెను. ట్రాన్స్‌ఫార్మరు రెండు ఫేజులనుండియే కరెంటు తీసికొనును. ఎరుపు, నీలము అనుకొందము. పసుపు ఫేజు పోయినను ట్రాన్స్‌ఫార్మరుకు ఏమియు తెలియదు. కాంటాక్టరు పట్టుకొనియే యుండును, మోటారు రెండు ఫేజులమీద మూలుగుచు కాలును. ఓవర్‌లోడు రిలే వేడెక్కి విడిపించవలెనే గాని, దానిని పెంచి పెట్టినవారి మోటారుకు ఆ ఆశయు లేదు. కనుక ప్రివెంటరు కాంటాక్టు తప్పక కాయిలు దారిలో నుండవలెను. మెయిన్ ఆపి పసుపు ఫ్యూజు తీసి, మరల మెయిన్ వేసి స్టార్టు నొక్కవలెను. కాంటాక్టరు లాగరాదు. ఎరుపో, నీలమో తీసి చూచుట పరీక్ష కాదు. అవి తీసినచో ప్రివెంటరు లేకున్నను కాంటాక్టరు లాగదు. తొందరలో ప్రివెంటరును దాటవేసి తీగ కలిపి వెళ్ళిపోవు పనివారు లేకపోలేదు. ఈ పరీక్ష చూడకుండ వారికి కూలి ఈయరాదు.

పిమ్మట మోటారు తీగలు కలిపి, ఒక గంట నడిపి, ఆపి, కరెంటు తీసి ట్రాన్స్‌ఫార్మరు వేడి చూడవలెను. గోరువెచ్చగానో, కొంచెము ఎక్కువగానో ఉండును. వాసన రాకూడదు. పెట్టె అడుగున కేబులు దూరు రంధ్రములను రబ్బరు బిళ్ళలతో గాని, తగిన గ్లాండులతో గాని మూయవలెను. బల్లి మరల వచ్చు దారి అదియే. కలిపిన కొస ఎన్ని వోల్టులదో, వీఏ ఎంతో, రెండు ఫ్యూజుల ఆంపియరులెంతో, మార్చిన తేదీ ఏదో ఒక కాగితముమీద వ్రాసి మూత లోపలి వైపున అతికింపవలెను. వచ్చు యాసంగిలో, మోటార్లన్నియు తిరుగు వేళ సెకండరీ వోల్టేజిని మరొకసారి కొలిపించి ఆ కాగితముమీదనే చేర్చవలెను.